మర్మాంగం మీద చుక్కలు, గుల్లలు: ఏవి వదిలేయాలి, ఏవి చూపించాలి, ఎవరికి చూపించాలి

మగవారి మర్మాంగం మీద కనబడే చుక్కల్లో, గుల్లల్లో చాలా భాగం రోగాలు కావు. అవి ఆ చర్మం తీరే అంత. ఈ మాట మొదటే చెప్పడానికి కారణం ఉంది. విజయనగరంలో మందుల దుకాణం నడుపుతూ నేను గమనించింది ఏమిటంటే, ఆ చుక్కల వల్ల ఎవరికీ హాని జరగదు. వాటిని పోగొట్టుకోవాలని రాసినవీ, కాల్చినవీ, మింగినవీ హాని చేస్తాయి. దుకాణంలో జనం పలచబడేదాకా బయట నిలబడి, లోపలికి వచ్చి గొంతు తగ్గించి, ‘అక్కడ గుల్లలు లేచాయి, ఏదైనా ట్యూబు ఇవ్వండి’ అని అడుగుతారు. పేరు తెలియని గుల్లకు ట్యూబు ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. ఇవ్వనంటే మరో దుకాణంలో దొరుకుతుందని తెలిసినా ఇవ్వను.

ఎంపికలో రెండు మెట్లు ఉన్నాయి. దీన్ని వదిలేయవచ్చా, చూపించాలా అన్నది మొదటిది. చూపించాలంటే ఎవరికి అన్నది రెండోది. మందు సంగతి ఆ తర్వాతే వస్తుంది, చాలామందికి అసలు రానే రాదు.

ముందు వెలుతురులో నిదానంగా చూడండి

చాలామంది ఆ భాగాన్ని జీవితంలో మొదటిసారి శ్రద్ధగా చూసుకునేది భయం పుట్టాకే. పెళ్లి కుదిరాకనో, సైన్యం సెలక్షన్లలో వైద్య పరీక్ష దగ్గరపడ్డాకనో, చేయకూడనిది చేశామన్న బెంగ పట్టుకున్నాకనో చూస్తారు. అందుకే పదేళ్లుగా ఉన్న చుక్క కూడా నిన్న రాత్రే వచ్చినట్టు తోస్తుంది. స్నానం చేశాక, పగటి వెలుతురులో, ముందరి చర్మం వెనక్కి తీసి చూడండి. రెండు పక్కలా ఒకే తీరుగా ఉండి, నెలలు గడిచినా సైజు మారకుండా, నొప్పి దురద లేకుండా, పుండు పడకుండా ఉన్నవి దాదాపుగా హాని లేనివే. కొద్ది వారాల్లో పుట్టి పెరుగుతున్నవి, ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా అక్కడక్కడ లేచినవి, తడి కారేవి, అడుగు గట్టిపడినవి చూపించవలసినవి.

వీటన్నిటికన్నా బరువైన ప్రశ్న మరొకటి ఉంది. ఇటీవలి నెలల్లో కండోమ్ లేకుండా కొత్త వ్యక్తితో కలయిక జరిగిందా? జరిగి ఉంటే కనబడేది ఎంత చిన్నదైనా, అసలు ఏమీ కనబడకపోయినా, ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడమే సరైన ఎంపిక.

మొన చుట్టూ వరుస: ముత్యపు గుల్లలా, పులిపిర్లా?

కుర్రాళ్లను ఎక్కువగా భయపెట్టేది ఈ జంటే, కనుక ఇక్కడ కాస్త ఆగుతాను.

శిశ్నం మొన కింద ఉబ్బెత్తుగా ఉండే గట్టు చుట్టూ, ఒకటి నుంచి మూడు వరుసల్లో, ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్నని గుల్లలు కొందరికి ఉంటాయి. చర్మం రంగులోనో, తెల్లగా మెరుస్తూనో కనిపిస్తాయి. వైద్యులు వీటిని పెర్లీ పెనైల్ పాప్యూల్స్ అంటారు, అంటే ముత్యపు గుల్లలు. యుక్తవయసు వచ్చాక, ఎక్కువగా ఇరవై ఏళ్ల ప్రాంతంలో బయటపడి, వయసు పెరిగేకొద్దీ మెల్లగా అణిగిపోతాయి. వేర్వేరు దేశాల పరిశీలనల్లో నూటికి 14 నుంచి 48 మంది దాకా మగవారిలో ఇవి కనిపించాయి. సున్తీ జరగనివారిలో కాస్త ఎక్కువ. లోపల ఉన్నది సన్నని రక్తనాళాలు, పీచు కణజాలం మాత్రమే. ఇవి ఒకరి నుంచి ఒకరికి అంటవు, క్యాన్సర్‌గా మారవు. శుభ్రత తక్కువై వచ్చినవి కావు, హస్తప్రయోగం వల్ల వచ్చినవి అంతకన్నా కావు.

పులిపిర్ల దారి వేరు. హెచ్.పి.వి. అనే వైరస్ వల్ల, ముఖ్యంగా దానిలో 6, 11 రకాల వల్ల ఇవి వస్తాయి. కలయిక జరిగిన కొన్ని వారాలకో, కొన్ని నెలలకో పైకి తేలతాయి. వరుస కట్టవు. మొన మీద, కాండం మీద, ముందరి చర్మం లోపలివైపు, మూత్రం వచ్చే రంధ్రం అంచున, మలద్వారం దగ్గర, ఎక్కడైనా రావచ్చు. సైజు సమానంగా ఉండదు. పైభాగం గరుకుగా, కాలీఫ్లవర్ తునకలా ఉంటుంది. పెరుగుతాయి, పక్కన కొత్తవి పుడతాయి. ముత్యపు గుల్లల్ని ఈ ఏడాది చూసినా వచ్చే ఏడాది చూసినా అవే, అంతే ఉంటాయి.

ఇంత చెప్పినా తేల్చుకోలేకపోతే చర్మవైద్యుడు చిన్న భూతద్దం లాంటి డెర్మోస్కోపుతో కోత లేకుండా నిమిషంలో చెప్పగలడు. ఇంట్లో వెనిగర్ రాసి, తెల్లబడితే పులిపిరి అని తేల్చుకునే పద్ధతి ఒకటి ఫోన్లలో తిరుగుతోంది. దాన్ని నమ్మకండి. ఒరుసుకున్న చర్మం, మామూలు మంట ఉన్న చర్మం కూడా తెల్లబడుతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పవలసిన ప్రమాదం జీడి నూనె. పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల జీడిపిక్కల పని చేసేవారికి ఆ పెంకు నూనె చేతుల్ని ఎలా కాలుస్తుందో తెలుసు. చేతి మీది పులిపిరి రాలిందని అదే నూనెను మర్మాంగం మీద పెడితే, అక్కడి పలచని చర్మం ఒక్క రాత్రిలో పొక్కి ఊడిపోతుంది. జీడి పరిశ్రమలో పనిచేసేవారు మూత్రానికి వెళ్లే ముందు కూడా చేతులు కడుక్కోవాలి. కారణం తెలియని మంటా పొక్కులూ అక్కడ లేస్తే ముందు ఈ నూనెనే అనుమానించాలి. సున్నం, సోడా కలిపి పెట్టడం, గుర్రపు వెంట్రుకతో ముడి వేయడం కూడా ఇదే కోవలోవి. కాలి ఆనెలకు అమ్మే శాలిసిలిక్ ఆమ్లం మందు మాటేమిటని అడుగుతారు. అది అరికాలి మందపాటి తోలుకు చేసింది, ఇక్కడ వాడకూడదు.

పసుపు చుక్కలు, నడుమ గుంట ఉన్న గుల్లలు

కాండం మీద చర్మాన్ని సాగదీస్తే లోపల నాటినట్టు లేత పసుపు, తెలుపు చుక్కలు కనిపిస్తే అవి చాలావరకు ఫోర్డైస్ చుక్కలు. 1896లో వీటిని వివరించిన అమెరికా చర్మవైద్యుడు జాన్ ఫోర్డైస్ పేరే వీటికి వచ్చింది. వెంట్రుకతో సంబంధం లేకుండా నేరుగా చర్మంలో తెరుచుకునే నూనెగ్రంథులివి. పై పెదవి అంచున కూడా ఇవే కనిపిస్తాయి, అద్దంలో చూసుకుంటే మీకూ ఉండవచ్చు. అంగస్తంభన సమయంలో చర్మం సాగి మరింత తేటగా కనబడతాయి, అంతకు మించి ఏమీ లేదు. ఒంట్లో వేడి వల్ల వచ్చాయని చలవ చేసుకునేవారున్నారు. మజ్జిగ, సబ్జా మంచివే కానీ ఈ చుక్కలకు వాటితో పని లేదు. గోళ్లతో నొక్కకండి. నొక్కితే చీము పట్టి, లేని రోగం తెచ్చుకున్నట్టవుతుంది.

వీటితో కలగలిసిపోయేది మొలస్కం. చర్మం మీదికి గుండ్రంగా ఉబ్బి, నడుమ చిన్న గుంట ఉండటం దీని గుర్తు. ఇది వైరస్, తాకిడితో అంటుతుంది. పెద్దవారిలో మర్మాంగం దగ్గర వస్తే ఎక్కువగా కలయిక వల్లే. నెలల్లో దానంతటదే తగ్గేదే అయినా చూపించాలి, అక్కడ గొరగడం ఆపాలి. బ్లేడుతో పాటే గుల్లలు పక్కకు పాకుతాయి. మొలస్కం లేకపోయినా బ్లేడు వల్ల వెంట్రుక లోపలికి తిరిగి లేచే ఎర్రని కురుపులు వేరే ఉన్నాయి. అక్కడి వెంట్రుకల్ని నున్నగా గొరగడం మాని కత్తెరతో పొట్టిగా కత్తిరించుకుంటే అవి చాలావరకు రావు.

మొన కింది నరం లాంటి మడతకు రెండు పక్కలా జంటగా ఉండే చిన్న గుల్లలు కూడా పుట్టుకతో ఉన్న గ్రంథులే. కలయిక తర్వాత గట్టు వెనక దారంలా గట్టిపడిన నాళం తగిలితే, నొప్పి లేకపోతే, కొన్ని వారాలు ఆ పనికి విరామం ఇస్తే అదే సర్దుకుంటుంది.

వృషణాల సంచి మీద

యాభై దాటినవారిలో సంచి చర్మం మీద ముదురు ఎరుపు, ఊదా, నలుపు రంగుల్లో ఆవగింజంత చుక్కలు తరచుగా కనిపిస్తాయి. యాంజియోకెరటోమాలు అంటారు. పైకి ఉబ్బిన రక్తనాళాలే తప్ప మరేమీ కావు. గోకితే రక్తం కారి బట్టకు అంటుతుంది, దాంతో ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి ఉంచితే ఆగుతుంది. మాటిమాటికీ కారుతుంటే వైద్యుడు కరెంటుతో గానీ లేజరుతో గానీ తీసేస్తాడు. వీటిలో రెండింటిని వేరుగా చూడాలి. ఒక్కటే నల్లమచ్చ ఉండి, రంగు అక్కడో రకం ఇక్కడో రకంగా ఉండి, పెరుగుతూ ఉంటే చూపించాలి. చిన్న వయసులోనే తొడలు, పిరుదులు, బొడ్డు చుట్టూ కూడా గుంపులుగా వస్తే, అరిచేతుల్లో అరికాళ్లలో మంటలు ఉంటే, అది ఫాబ్రీ అనే అరుదైన పుట్టుజబ్బు కావచ్చు. దానికి పెద్దాసుపత్రిలో పరీక్ష అవసరం.

సంచి చర్మంలోనే నాటుకుని తెల్లని గట్టి గుండ్లు ఉంటాయి కొందరికి. కొన్ని కొవ్వులాంటి పదార్థం నిండిన తిత్తులు, కొన్ని సున్నం పేరుకున్నవి. ఏళ్ల తరబడి ఉన్నా హాని చేయవు. అడ్డంగా ఉన్నా, పగిలి కారుతున్నా సర్జన్ చేత తీయించుకోవచ్చు. గుండు చర్మంతో పాటు కదులుతోందా, లోపలి వృషణంలోనే ఉందా అన్నది వేళ్లతో తడిమి తెలుసుకోవాలి. వృషణంలోనే గట్టిగా తగిలితే నొప్పి లేకపోయినా అదే వారంలో స్కానింగ్ చేయించండి. వృషణ క్యాన్సర్ పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ల కుర్రాళ్లలో ఎక్కువగా వస్తుంది, తొందరగా పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరపు ఊళ్లకు బోదకాలు కొత్తది కాదు. ఆ వ్యాధి సంచికి దిగి వరిబీజం అవుతుందని అందరికీ తెలుసు. సంచి చర్మం మీద నీటిపొక్కుల్లా లేచి, పగిలితే తేటనీరో పాలలాంటి ద్రవమో కారడం కూడా దాని రూపమేనని తెలిసినవారు తక్కువ. దీన్ని హాని లేని చుక్కల లెక్కలో వేయకూడదు. ఆ పగుళ్ల గుండా సూక్ష్మక్రిములు చేరి చలిజ్వరం, వాపు మళ్లీ మళ్లీ వస్తాయి. సర్జన్‌కు చూపించాలి.

మాత్ర తెచ్చే మచ్చ

నా కౌంటరు దగ్గర ఎక్కువగా దారి తప్పేది ఇదే. శిశ్నం మొన మీద గుండ్రంగా ఎర్రబడి, మండి, ఒక్కోసారి పొక్కి, మానాక నల్లగా మచ్చ మిగులుతుంది. మళ్లీ రెండు మూడు నెలలకు సరిగ్గా అదే చోట వస్తుంది. మనిషి సుఖవ్యాధి అనుకుని కుమిలిపోతాడు, లేదా భార్యను అనుమానిస్తాడు. నిజానికి అది మింగిన మాత్రకు చర్మం ఇచ్చే జవాబు. ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. సల్ఫా మందులు, డాక్సీసైక్లిన్ వర్గం, విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్, టినిడజోల్, ఆర్నిడజోల్ వర్గం, నొప్పి మాత్రలు దీనికి పేరుపడ్డవి. మాత్ర వేసుకున్న కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల్లో మచ్చ రగులుతుంది. సుఖవ్యాధి అని పొరబడి మళ్లీ అదే వర్గం మందు మింగితే ఇంకా రగులుతుంది.

మచ్చ వచ్చిన ప్రతిసారీ అంతకుముందు రెండు రోజుల్లో ఏ మాత్ర వేసుకున్నారో రాసి పెట్టుకోండి. పేరు దొరికితే కాగితం మీద రాసి పర్సులో ఉంచుకోండి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా అదే ముందు చూపించండి. పొలం పనిలో, వలల పనిలో ఒళ్లు నొప్పులకు పూటపూటకీ నొప్పి మాత్ర మింగే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. కిడ్నీ జబ్బులతో నలిగిపోతున్న ఉద్దానంలోనైతే ఆ మాత్రలకు దూరంగా ఉండటానికి ఇది రెండో కారణం.

దురద ఉంటే

హాని లేని చుక్కలకు దురద ఉండదు. రాత్రిళ్లు దురద ఎక్కువై, శిశ్నం మీద, సంచి మీద గట్టి గుల్లలు, వేళ్ల సందుల్లో కూడా ఉంటే అది గజ్జి. డాక్టరు రాసే పెర్మెత్రిన్ 5 శాతం క్రీమును మెడ నుంచి అరికాళ్ల దాకా రాసి రాత్రంతా ఉంచి, వారానికి మళ్లీ రాయాలి. దురద లేకపోయినా ఇంట్లో అందరూ అదే రోజు రాసుకోవాలి, లేకపోతే మళ్లీ చుట్టుకుంటుంది. గజ్జల్లో అంచు కట్టి పాకేది తామర. చెమట పట్టే జనపనార మిల్లు పనివారిలో, తెల్లవారుజామున పరుగు సాధన చేసే కుర్రాళ్లలో మామూలే. దానికి ఫంగస్ మందు ఒక్కటే చాలు. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబు రాస్తే రెండు రోజులు హాయిగా ఉండి, తర్వాత తామర తొడలంతా పాకుతుంది, సంచి చర్మం పలచబడి ఎర్రగా మండుతూ ఉండిపోతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని తేల్చి చెప్పింది. మీరు అడక్కండి, మేము ఇవ్వకూడదు.

ముందరి చర్మం ఎర్రబడి, సన్నని చీలికలు పడి, పెరుగులాంటి తెలుపు కడుతుంటే ట్యూబు కన్నా ముందు షుగరు పరీక్ష చేయించండి. చాలామందికి తమకు మధుమేహం ఉందని తెలిసేది ఇలాగే.

ఒక్క వారం కూడా ఆగకూడనివి

నొప్పి లేని పుండు, అడుగు గట్టిగా తగిలేది, సవాయి (సిఫిలిస్) కావచ్చు. కలయిక జరిగిన 9 నుంచి 90 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు. మందు లేకుండానే కొన్ని వారాల్లో మానిపోతుంది, అదే దాని మోసం. వ్యాధి రక్తంలో ఉండిపోతుంది. సకాలంలో పెన్సిలిన్ ఇంజెక్షనుతో నయమవుతుంది. గుంపుగా మండే నీటిపొక్కులు హెర్పిస్ అనే వైరస్ జబ్బు కావచ్చు. ముందరి చర్మం తెల్లబడి బిగుసుకుపోవడం, ఎన్నాళ్లకూ మానని పుండు, చర్మం కింద దాగి పెరిగే గడ్డ, దుర్వాసనతో కారడం, ఇవి క్యాన్సర్ భయం ఉన్నవి. చర్మం వెనక్కి రానివారిలో, పొగాకు అలవాటున్నవారిలో ఈ ముప్పు ఎక్కువ. సిగ్గుతో నెలలు గడిపి, కోసి తీసేయక తప్పని స్థితికి రావద్దు.

ఎవరి దగ్గరకు వెళ్లాలి

నా సలహాలో మొదటి చోటు ప్రభుత్వ పెద్దాసుపత్రి చర్మవ్యాధుల ఓపీ. శ్రీకాకుళంలో ఇప్పటికీ అందరూ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ సర్వజనాసుపత్రి, విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. ప్రభుత్వ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఉంటాయి. సుఖవ్యాధుల పరీక్ష, మందు, సలహా అక్కడ ఉచితం. వివరాలు గోప్యంగా ఉంచుతారు. దగ్గరలో ఎక్కడ ఉందో ఎయిడ్స్ సహాయ నంబరు 1097కు ఫోను చేసి అడగవచ్చు. అసౌకర్యం ఒకటే, వరుసలో నిలబడాలి, తెలిసినవారు ఎదురుపడవచ్చు. దానికి వెరచేవారు నెల్లిమర్లలోని మిమ్స్‌కో, విశాఖ కేజీహెచ్‌కో వెళ్తారు. అలా వెళ్లినా మంచిదే, అసలు వెళ్లకపోవడం కన్నా.

ప్రైవేటు చర్మవైద్యుడి దగ్గర సమయం, చాటు రెండూ దొరుకుతాయి. బోర్డు మీద ఎం.డి. డి.వి.ఎల్. గానీ, డి.డి.వి.ఎల్. గానీ ఉందో లేదో చూడండి. చర్మం, సుఖవ్యాధులు రెండూ చదివినవారని దాని భావం. చర్మం వెనక్కి రాకపోవడం, వరిబీజం, వృషణంలో గడ్డ ఇవి మాత్రం సర్జన్‌వో, యూరాలజిస్టువో.

ఊళ్లోని ఆర్.ఎం.పి. మనకు అర్ధరాత్రి పలికే మనిషి, ఆ రుణం నేను కాదనను. కానీ ఈ విషయంలో ఆయన దగ్గర ఉన్నవి ఒక ఇంజెక్షను, ఒక కలగలుపు ట్యూబు. అవి సవాయి గుర్తుల్ని సగం చెరిపి, తర్వాత పరీక్షించే డాక్టరుకు దారి మూసేస్తాయి. ఫోను ద్వారా చూపించే ఈ-సంజీవని ఉచితం, మొదటి భయం తీరడానికి పనికొస్తుంది. ఫొటోలో గరుకుతనం, గట్టిదనం తెలియవు కనుక తుది మాటగా తీసుకోకండి. ఊరూపేరూ లేని వాట్సాప్ నంబర్లకు ఆ ఫొటోలు ఎప్పుడూ పంపకండి.

గోడల మీద, బస్టాండు స్తంభాల మీద గుప్తరోగాలకు గ్యారంటీ అని రాసుకుని లాడ్జి గదుల్లో కూర్చునేవారి దగ్గరికి మాత్రం వెళ్లవద్దు. సుఖవ్యాధులు, లైంగిక బలహీనతల మీద ఇలాంటి ప్రకటనలు 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. ముత్యపు గుల్లల్ని చూపించి నరాల బలహీనత అని భయపెట్టి, పెళ్లి కుదిరిన కుర్రాడి దగ్గర తండ్రికి తెలియకుండా డబ్బు లాగడం వారి పని.

పోగొట్టుకోవాలనే ఉంటే

ముత్యపు గుల్లలు, ఫోర్డైస్ చుక్కలు తీయించుకోకుండా ఉండటమే నా ఎంపిక. తీయడం అసాధ్యమేమీ కాదు. మత్తు పూసి కార్బన్ డయాక్సైడ్ లేజరుతో ముత్యపు గుల్లల్ని అణిచివేస్తారు, వారం రెండు వారాల్లో పుండు మానుతుంది. మచ్చ మిగలవచ్చు, మన చామనఛాయ చర్మం మీద రంగు తేడా మరీ కనబడుతుంది, కొన్ని మళ్లీ రావచ్చు. ఇది అందం కోసం చేసే పని, బీమాలోకి రాదు. మనసులో అది నిజంగా తొలుస్తూ ఉంటే చేయించుకోండి, తప్పు లేదు. సైన్యం వైద్య పరీక్షకు వెళ్తున్న కుర్రాళ్లు మాత్రం ముందు వారంలో కాల్పించుకోవద్దు. అక్కడ వైద్యులు చూసేది వరిబీజం, వేరికోసిల్ (సంచిలో ఉబ్బిన సిరలు), హెర్నియా, దిగని వృషణం లాంటివి. మామూలు చర్మం కన్నా పచ్చి పుండే ప్రశ్నలు తెస్తుంది.

పులిపిర్లలో ఎంపిక వేరు. ఇంట్లో రాసుకునే పొడోఫిల్లోటాక్సిన్, ఇమిక్విమోడ్ లాంటివి ఉన్నాయి, డాక్టరు చేసే చలితో గడ్డకట్టించడం, కరెంటుతో కాల్చడం ఉన్నాయి. కొద్దిగా, చిన్నవిగా ఉంటే ముందువి, ఎక్కువగా పెద్దవిగా ఉంటే తర్వాతవి. ఏది చేసినా వైరస్ కొన్నాళ్లు చర్మంలో ఉంటుంది కనుక మళ్లీ లేస్తే మందు పనిచేయలేదని డాక్టర్లను మార్చకండి. భార్యకు కూడా పరీక్ష చేయించాలి, ఆమె గర్భాశయ ముఖద్వారం పరీక్ష గురించి కూడా డాక్టరును అడగాలి.

ఓపీకి వెళ్లేముందు రెండు మూడు రోజులు ఏమీ రాయకండి. అంతకుముందు రాసిన ట్యూబును, మింగిన మాత్రల అట్టను జేబులో వేసుకుని వెళ్లండి. చీటీ రాసేచోట ‘చర్మం’ అని చెబితే చాలు, మిగతాది గదిలో డాక్టరుకే చెప్పండి. అప్రెంటిసులు, విద్యార్థులు చుట్టూ ఉంటే, ఒంటరిగా చూపిస్తానని అడిగే హక్కు మీకుంది.